మట్టి తవ్వినంకనే జిమ్

భైంసా దాటి మహారాష్ట్ర సరిహద్దు వైపు వెళ్తే ఊరూరికీ జాతర, జాతర జాతరకీ కుస్తీ. కొబ్బరికాయ బహుమతిగా పెట్టే కుస్తీతో మొదలై పొద్దుగూకే వేళకు వెండి కడెం కుస్తీ దాకా వస్తుంది. నాందేడ్ వైపు నుంచి కూడా పహిల్వాన్లు దిగుతారు. ఆ దమ్ము ఎక్కడ తయారవుతుందో చూద్దామని అక్కడి ఒక పల్లె తాలీంకు తెల్లారకముందే చేరుకున్నాను. ఒకప్పుడిదంతా ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్.

రేకుల షెడ్డు, గోడకు సిందూరం పూసిన హనుమంతుడు. చెప్పులు బయటే విడవాలి. లోపల కుర్రాళ్లు పారలతో గోదా తిరగేస్తున్నారు. ఇదే మొదటి కసరత్తు. నడుముకు, భుజాలకు, పిడికిలికి ఒకేసారి పని. పసుపు, నూనె, మజ్జిగ కలిపిన ఎర్రమట్టి అది. గట్టిపడితే ఎముకలకు దెబ్బ, పొడిబారితే కళ్లకు బాధ. వస్తాదు గుప్పెడు తీసి నొక్కాడు, ముద్ద విడిపోయింది. "ఇంకో బిందె నీళ్లు చల్లుండ్రి" అన్నాడు.

ఆ తర్వాత దండీలు, బస్కీలు. దండీలో నడుము పైకెత్తి, ఛాతీని నేలకు రాసుకుంటున్నట్టు ముందుకు జారి తలెత్తాలి. మామూలు పుషప్‌లో భుజానికి ఇంత తిరుగుడు ఉండదు. ఒక పిల్లాడు గబగబా లెక్క లాగిస్తుంటే వస్తాదు ఆపాడు. "గంత ఉరుకుడెందుకురా? ఊపిరితోని తియ్యి."

మూలన కర్రకు రాతి గుండు బిగించిన గద, ఒక జత ముద్గరాలు ఉన్నాయి. గదను తల వెనక నుంచి తిప్పబోయాను. గుండు బరువు పెద్దదేం కాదు, కర్ర పొడుగే చెయ్యి లాగేసింది. ముద్గరాల తిప్పుడును బ్రిటిష్ సైన్యం ఇక్కడే నేర్చుకుని సీమకు పట్టుకుపోయింది. 1904, 1932 ఒలింపిక్స్‌లో దానికి పతకాలు కూడా ఇచ్చారు.

నాకొక అనుమానం ఉంది. మ్యాట్ మీద ఫ్రీస్టైల్ అంటే మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, మధ్యలో అర నిమిషం. మట్టి కుస్తీ వీపు నేలకు ఆనేదాకా సాగే ఆట. వందల బస్కీలు ఓర్పునైతే ఇస్తాయి గానీ, ఒక్క ఊపులో మనిషిని ఎత్తి పడేసే బలం రావాలంటే బరువు పెంచుకుంటూ పోక తప్పదు. మట్టిలో పెరిగిన పహిల్వాన్ ఖాశాబా జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో, కొత్త మ్యాట్ మీద, కొత్త నిబంధనల మధ్య ఆరో స్థానంతో తిరిగొచ్చాడు. 1952 హెల్సింకీలో కంచు పతకం గెలిచాడు. పునాది మట్టిదే అయినా దానిమీద ఇంకేదో కట్టుకున్నాడు.

అదే మాట వస్తాదుతో అన్నాను.

"జిమ్ముకు పోనీ సార్, నేను వద్దంటలేను. పొద్దుగాల మట్టి తవ్వినంకనే పోవాలె."

ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రాలు భైంసా పోయి బార్‌బెల్ ఎత్తుతున్నారట. వాళ్ల ఫీజులో సగం వస్తాదే కడుతున్నాడని టీ కొట్టు దగ్గర తెలిసింది.