ఈ రిపోర్టు మీకెందుకు?

ఆటిజం అసెస్‌మెంట్‌కి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ముందు ఒక మాట అడుగుతాను: "రిపోర్టు చేతికొచ్చాక దాంతో ఏం చేద్దామనుకుంటున్నారు?" కొందరికిది నచ్చదు. అడగాల్సింది మేమైతే మీరడుగుతారేమిటన్నట్టు చూస్తారు. ఆ జవాబు తెలియకుండా రాస్తే మాత్రం ఎన్ని పేజీలు రాసినా బీరువాలో పడుంటాయి. రెండేళ్ళ పిల్లవాడి తల్లికి కావలసింది ఒకటి, ఇంటర్ చదివే అమ్మాయికి కావలసింది వేరు. నలభై దాటిన మనిషి అడిగేది ఇంకోటి. ముగ్గురి కాగితాల మీదా నేను రాసే పేరు ఒకటే కావచ్చు. ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

తెనాలి దగ్గరి పల్లె నుంచి రెండుంపావు ఏళ్ళ బాబును తల్లీ నాయనమ్మా తీసుకొచ్చారు. ఒకే ఆటోలో వచ్చారు గానీ ఒకే మాట మీద రాలేదు. "వీళ్ళ నాన్నకీ మూడేళ్ళు నిండేదాకా మాటల్లేవండీ. ఇప్పుడు చూడండి, నోరు మూయించలేం" అని నాయనమ్మ. కోడలు ఎదురు చెప్పలేదు. ఫోన్ తీసి వీడియో చూపించింది. బాబు ఏ నుంచి జెడ్ దాకా అమెరికా యాసలో గడగడా అప్పజెబుతున్నాడు. గ్రహాల పేర్లూ వచ్చు. దాహమేస్తే మాత్రం అడగడు. తల్లి మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, ఆమె చేతిని తీసి గ్లాసు మీద పెడతాడు.

ముందు బేరా అనే వినికిడి పరీక్ష చేయించాం. వినికిడి బాగుందని తేలాక కింద చాప పరిచి కూర్చున్నాను. సబ్బు బుడగలు ఊది, ఉన్నట్టుండి ఆపేశాను. ఆ వయసు పిల్లలు చాలామంది ఆ క్షణంలో సీసా వంక చూసి, నా మొహం వంక చూసి, మళ్ళీ సీసా వంక చూస్తారు. నోట మాట లేకపోయినా "ఊఁ, ఊదు" అని కళ్ళతో అడుగుతారు. ఈ బాబు సీసా మూత తీసుకుని దాన్ని తిప్పుకుంటూ కూర్చున్నాడు. కిటికీ బయటి కోతిని వేలితో చూపిస్తే నా వేలి కొసనే చూశాడు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నల పట్టీ ఒకటుంది. ఎవరిని ఇంకా లోతుగా చూడాలో అది చెబుతుంది, అంతకుమించి చెప్పదు. తేల్చేది మాత్రం ఇలా చాప మీద గడిపిన సమయం, తల్లి చెప్పే కబుర్లు, ఇంట్లో తీసిన వీడియోలు.

ఆటిజమేనని చెప్పాను. "ఫోన్ వల్లేనా?" అని నాయనమ్మ అడిగింది, చూపు కోడలి మీద. ఇంకో కాలంలోనైతే, ఇంకో దేశంలోనైతే, ఆ నేరం తల్లి గుండె మీద మోపేవారు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలిలా అవుతారని పెద్దపెద్ద వైద్యులే నమ్మారు. ఆ సిద్ధాంతం పోయింది గానీ తల్లిని బోనెక్కించే అలవాటు పోలేదు. ఫోన్ ఆటిజాన్ని తెప్పించదు. మనుషులతో గడపాల్సిన సమయాన్ని మింగుతుంది, అందుకని తగ్గించాలి. ఇదే మాట నాయనమ్మకు అర్థమయ్యేలా, కోడలికి వినబడేలా చెప్పాను.

ఈ వయసులో రిపోర్టు ఇంటికెళ్ళాక ఏం చేయాలో చెప్పాలి. చేయి పట్టి లాగడం కూడా అడగడమే. మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే. గ్లాసు వెంటనే ఇవ్వకుండా ఒక్క క్షణం ఆగి, చూపించి, "నీళ్ళు" అని ఒక్క మాట అని ఇవ్వాలి. రోజంతా బాబుతో ఉండేది నాయనమ్మే కాబట్టి ఆమెకే ఎక్కువ నేర్పించాం. ఆమె బాగా పట్టుకుంది. "మూడేళ్ళు దాటితే ఇక రాదు" అని భయపెట్టి ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకునే థెరపీ సెంటర్లంటే నాకు ఒళ్ళు మంట. తొందరగా మొదలుపెడితే మంచిదే. ఆలస్యమైతే తలుపులు మూసుకుపోతాయనడం అబద్ధం. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల కోసం పొలం అమ్మబోయినవాళ్ళనూ చూశాను. ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

డల్లాస్‌లో ఉండే ఒక కుటుంబం సెలవులకొచ్చి కలిసింది. రెండు భాషలైతే పిల్లాడు తికమక పడతాడని అక్కడెవరో చెబితే, ఇంట్లో తెలుగు మానేశారట. అమ్మమ్మకూ తాతయ్యకూ ఇంగ్లీషు రాదు, వీడియో కాల్‌లో మనవడితో మాట్లాడటమే మానుకున్నారు. రెండు భాషలు వినడం ఆటిజం పిల్లల మాటను వెనక్కి లాగదని పరిశోధనలు చెబుతున్నాయి. తెలుగు మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

ఆటిజం కాదని తేలడం కూడా అసెస్‌మెంట్ చేసే మేలే. ప్లేస్కూల్ వాళ్ళు "పిలిస్తే పలకడు, ఆటిజం" అని పంపిన ఒక పిల్లవాడికి రెండు చెవులూ సరిగా వినబడవు. వినికిడి యంత్రాలు పెట్టించాక వాడు పలకడం మొదలైంది, అల్లరీ మొదలైంది.

ఎక్కువ ఆలస్యంగా వచ్చేది ఆడపిల్లలు. ఒక అమ్మాయిది విజయవాడ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతిలో స్కూలు ఫస్టు. హాస్టల్లో చేరినప్పటినుంచీ కడుపునొప్పి. స్కానింగులు, ఎండోస్కోపీ, అన్నీ మామూలుగానే ఉన్నాయి. గ్యాస్ట్రో డాక్టరు "స్ట్రెస్" అని రాసి నా దగ్గరికి పంపాడు. అడిగినవాటికన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పింది, నా మొహంలోకి చూస్తూనే. తర్వాతెప్పుడో చెప్పింది, తను చూసేది నా కనుబొమ్మలనట. ఐదో తరగతిలో టీచరు "కళ్ళలోకి చూసి మాట్లాడు" అని కొడితే కనిపెట్టిన ఉపాయం.

రెండోసారి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ తెచ్చింది. స్కేలుతో గీసిన గళ్ళు. ఒక గడిలో ఎవరేమన్నారు, పక్క గడిలో ఎవరు నవ్వారు, మూడో గడిలో అలాంటప్పుడు తనేమనాలి. ఆరో తరగతి నుంచీ రాస్తోందట. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సాయంత్రానికి తన గదిలోకెళ్ళి తలుపేసుకునేది, పెరుగన్నం తినేది, మర్నాటికి కోలుకునేది. హాస్టల్లో తలుపేసుకోవడానికి గదేది? మెస్సులో స్టీలు కంచాల మోత, నిమిషం నిమిషానికీ గంట, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, నిద్రలో కూడా పక్కన మనుషులు. నటన దించి పక్కన పెట్టుకునే చోటే లేకపోయేసరికి కడుపు మొరాయించింది.

తల్లి మొదట "చిన్నప్పుడు ఏ ఇబ్బందీ పెట్టలేదండీ, ఏడ్చేదే కాదు" అంది. ఇబ్బంది పెట్టని పిల్ల అంటే నాకు అనుమానం. ఇంకాస్త తవ్వితే బొట్టుబిళ్ళలు సైజువారీగా పేర్చి ఎవరినీ ముట్టనిచ్చేది కాదని, గౌను లోపలి లేబుల్ కత్తిరించేదాకా ఒంటిమీద వేసుకునేది కాదని చెప్పింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు రెండు మంచి పనులు చేసింది. శబ్దం, స్పర్శ, వెలుతురు పడకపోవడాన్ని లక్షణాల్లో చేర్చింది. లక్షణాలు చిన్నప్పటినుంచీ ఉన్నా, చుట్టూ ఉన్నవాళ్ళు ఆశించేది మనిషి శక్తిని మించినప్పుడే అవి పూర్తిగా బయటపడవచ్చని, నేర్చుకున్న ఉపాయాల చాటున దాగవచ్చని ఒప్పుకుంది. ఈ అమ్మాయి కేసు ఆ రెండో వాక్యానికి అచ్చు గుద్దినట్టుంటుంది. క్లినిక్కుల్లో ఒక ఆడపిల్లకు నలుగురు మగపిల్లలు ఆటిజంతో కనిపిస్తారని పాతలెక్క. అందులో కొంత తేడా మనం గుర్తించకపోవడం వల్ల వచ్చిందే.

చెప్పినప్పుడు తండ్రి తల దించుకుని, "ఆ పేరు లేకుండా రాయగలరా డాక్టర్ గారూ, రేపు సంబంధాలు చూడాలి కదా" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు, మన ఊళ్ళలో ఆ భయం ఉత్తుత్తిది కాదు. అమ్మాయి అడిగింది మాత్రం వేరే: "అయితే మిగతావాళ్ళకి ఇవన్నీ రాసుకోకుండానే తెలుస్తాయా?" అవునన్నాను. చాలాసేపు ఆలోచించి, "ఎంత తేలికో వాళ్ళకి" అంది. రెండు కాగితాలు రాశాను. పూర్తి రిపోర్టు ఆమె కోసం. కాలేజీకి మాత్రం వైద్యకారణాల వల్ల హాస్టల్ తగదని, డే స్కాలర్‌గా మార్చాలని రెండు వాక్యాలు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమే నిర్ణయించుకోవాలి. కడుపునొప్పి పూర్తిగా పోలేదు. పరీక్షలప్పుడు వస్తుంది, ఎందుకొచ్చిందో ఇప్పుడు ఆమెకు తెలుసు.

పెద్దవాళ్ళ అసెస్‌మెంట్‌లో మొదటి చిక్కు సాక్ష్యం. బాల్యం గురించి చెప్పడానికి తల్లి ఉండదు, ఉన్నా గుర్తుండదు. నలభై దాటిన ఒక బ్యాంకు ఆఫీసరు విషయంలో అనకాపల్లి నుంచి వాళ్ళ పెద్దక్కను రప్పించాల్సి వచ్చింది. పెళ్ళై పన్నెండేళ్ళు. భార్య తరఫు పెద్దమనుషులు రెండుసార్లు కూర్చుని "ఆయనకి ఆమె అంటే ఇష్టం లేదు" అని తేల్చారు. ఆమెకు జ్వరమొస్తే మందులు టైముకి ఇస్తాడు, పక్కన కూర్చోడు. పెద్దక్క అంది: "మా అమ్మ పోయిన రోజున కూడా వీడు వచ్చినవాళ్ళ చెప్పులు వరసగా సర్దుతూ కూర్చున్నాడు. అందరూ తిట్టారు. రాత్రి పొయ్యి దగ్గర ఒంటరిగా ఏడవడం నేను చూశాను." భార్య ఆ మాట మొదటిసారి వింది.

ఆయనకు రిపోర్టు వెనక్కి చూసుకోవడానికి పనికొచ్చింది. ప్రమోషన్ ఇంటర్వ్యూలు, తప్పిపోయిన స్నేహాలు, అన్నీ మళ్ళీ తిరగేసుకున్నాడు. కానర్ పదకొండు మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్ కూడా మిసిసిపీలోని తన చిన్న ఊళ్ళో బ్యాంకు ఉద్యోగమే చేశాడని, ఊరంతా అతన్ని ఎరుగుననీ, ఎనభై తొమ్మిదేళ్ళు బతికి 2023లో పోయాడనీ చెబితే, "ఏ సెక్షనులో చేసేవాడు?" అని అడిగాడు. కౌంటరు నుంచి బ్యాక్ ఆఫీసుకు మార్పించుకున్నాడు. భార్యకేం కావాలో ఆమె ఇప్పుడు మెసేజ్‌లో రాసి పెడుతుంది: "పది నిమిషాలు నా పక్కన కూర్చోండి." కూర్చుంటాడు. రాసి అడగాల్సి రావడం ఆమెకు బాధే. ఆ బాధను ఏ రిపోర్టూ తీయలేదు.

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసి తమకు ఆటిజమేనని నిర్ణయించుకుని వచ్చే కుర్రాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరి విషయంలో అది నిజమే. ఇంకొందరికి ఉన్నది నలుగురిలో మాట్లాడాలంటే వణుకు, దానికి మంచి వైద్యముంది. పేరు మారిస్తే నిరాశపడేవాళ్ళను ఓపికగా కూర్చోబెట్టాలి.

ఇక ముప్పై నాలుగేళ్ళ కొడుకును తీసుకొచ్చిన రిటైర్డ్ టీచరు గారు. కొడుక్కి మాటల్లేవు. చిన్నప్పుడు తీసిన సర్టిఫికెట్‌లో "బుద్ధిమాంద్యం" అని ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు, కాబట్టి ఆ రోజుల్లో చాలామందికి అదే రాసిచ్చేవారు. 2016 చట్టం వచ్చాకే అది 21 వైకల్యాల జాబితాలో చేరింది. "ఈ వయసులో పేరేదైతే ఏముందండీ" అని తల్లి విసుక్కుంది. కొన్నాళ్ళుగా అబ్బాయి తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, మత్తుమందుల డోసు పెంచమని అడగడానికి వచ్చారు.

మాట రాని మనిషి కొత్తగా తల కొట్టుకుంటుంటే ముందు నొప్పి ఎక్కడుందో వెతకాలి. వెనక దవడ పన్ను లోపల పుచ్చి చీము పట్టింది. మత్తిచ్చి తీయించాల్సి వచ్చింది. ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్ళడం బాగా తగ్గింది. మందు పెంచలేదు.

అప్పుడు కాగితాల సంగతికొచ్చాం. దేశంలో వాడే ఆటిజం స్కేలులో 40 అంశాలుంటాయి. 70 కంటే తక్కువొస్తే ఆటిజం లేనట్టు. ఈ అబ్బాయికి చాలా పైనే వచ్చింది. ఆ అంకెతోనే వైకల్య సర్టిఫికెట్ కదులుతుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీ పద్దెనిమిది దాటినవారికి సంరక్షకుణ్ణి నియమిస్తుంది. సంపాదించుకోలేని బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పింఛను రావాలన్నా కాగితం కావాలి. ఇవన్నీ తాము బతికుండగానే జరగాలని టీచరు గారి పట్టు.

సంరక్షకురాలిగా బెంగళూరులో ఉన్న చెల్లెలి పేరు రాశారు. ఆ అమ్మాయి ఒక షరతు పెట్టింది: అన్నయ్యను ఇప్పుడే ఏటా కొన్నాళ్ళు తన దగ్గరికి పంపాలి, పంపేముందు ఆయన అలవాట్లు రాసివ్వాలి. తల్లి చెబుతుంటే మా సైకాలజిస్టు రాసింది. నీళ్ళు స్టీలు గ్లాసులోనే. ఎడమ దవడ రుద్దుకుంటే పంటి డాక్టరుకు చూపించాలి. కరెంటు పోతే చేయి పట్టుకోవాలి. పదిహేడో అంశం దగ్గర తల్లి ఆగి, మిగతావి గుర్తొచ్చినప్పుడు ఫోన్లో చెబుతానంది.