మొహల్లా మారినా బాధ్యత మారదు

హైదరాబాదు పాతబస్తీ నుంచి కలిగిన కుటుంబాలు తరలిపోవటం ఈనాడు మొదలైన విషయం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి వేలాది ఇళ్లను తుడిచిపెట్టిన తరువాత స్తోమత గలవారు క్రమంగా నదికి ఉత్తరాన స్థిరపడ్డారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సైతం కింగ్ కోఠీనే తన నివాసంగా చేసుకున్నారు. నేడు ఆ ప్రయాణం మరింత దూరం సాగింది. టోలీచౌకీ, అత్తాపూర్, బండ్లగూడలను దాటి ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల దాకా మనవారు ఇళ్లు వెతుక్కుంటున్నారు.

వెళ్లేవారిని నిందించే ఉద్దేశం మాకు లేదు. ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు నాలుగు గదుల్లో ఇమడవు. గల్లీలోకి అంబులెన్సు రాదు. పిల్లల చదువులు, ఉద్యోగాలు దూరమయ్యాయి. విశాలమైన ఇంటిని, మంచి పొరుగును దైవప్రవక్త (స) మనిషి సౌభాగ్యాలలో లెక్కించారు. మా ఇంటిలోనూ ఈ చర్చ ఏడాదిగా నడుస్తోంది. నగర శివారులో మా కుమారుడు ఇల్లు చూశాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని మా సహధర్మచారిణికి అది నిజంగా అవసరమే.

అయితే మమ్మల్ని కలవరపెడుతున్నది వెనుక మిగిలిపోయేవారి సంగతి. తాళం పడిన ఇళ్లు గోదాములవుతున్నాయి. రాత్రి పది దాటితే ఆ షట్టర్ల ముందు అట్టముక్కలు పరచుకొని మనుషులు పడుకుంటున్నారు. వారిలో హమాలీలున్నారు, పిల్లలు వదిలేసిన వృద్ధులున్నారు, పెద్దాసుపత్రికి రోగిని తెచ్చి గది అద్దె భరించలేని పల్లెవారున్నారు. పూర్వం ఇషా నమాజు తరువాత ఏదో ఒక గుమ్మం నుంచి వారికి అన్నం పళ్లెం వచ్చేది. ఎవరైనా రెండు రోజులు కనిపించకపోతే అడిగేవారుండేవారు. ఆ గుమ్మాలు మూతపడటంతో అన్నమూ ఆగింది, అడగటమూ ఆగింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనటం న్యాయం కాదు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాలలోనే 9 లక్షలకు పైగా నిరాశ్రయులు తేలారు. అంతకుముందే, 2010లో, పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయాలు నడపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ ఆశ్రయాలు ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు తెరిచి ఉండాలనీ, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలనీ నిర్దేశించింది. అయినా మేము పలకరించినవారిలో పలువురు అక్కడికి పోవటానికి జంకుతున్నారు. తెల్లవారుజామున కూలి దొరికే అడ్డా దూరమవుతుందని ఒకరంటారు. భార్యాపిల్లలను వేరుచేస్తారని మరొకరంటారు. నియమం పైకప్పును ఇవ్వగలదు. చేయి పట్టుకొని అక్కడి దాకా తీసుకుపోయే పొరుగువాడిని ఇవ్వలేదు.

మన ధర్మంలో ఈ పొరుగుకు పునాది మస్జిదె నబవీలోనే పడింది. ఇల్లూ వాకిలీ లేని సహాబీలకు ఆ మస్జిదులోని సుఫ్ఫా అనే నీడపట్టే ఆవాసమయింది. అత్యధిక హదీసులు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. మరొక సంఘటన ఉంది. బనూ సలిమా తెగవారు మదీనా అంచున ఉన్న తమ ఇళ్లను వదలి మస్జిదు దగ్గరకు రావాలనుకున్నారు. నగరపు ఆ వైపు ఖాళీ కావటం దైవప్రవక్త (స)కు నచ్చలేదు. మస్జిదుకు నడిచే అడుగులకు పుణ్యముందని వారికి గుర్తుచేశారు. వారు ఉన్నచోటే ఉండిపోయారు. మన వలస దిశ వేరు. కానీ నగరంలో ఒక భాగం బోసిపోవటం చిన్న విషయం కాదన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

హజ్రత్ ముఆజ్ (రజి)ను యెమెన్‌కు పంపుతూ, అక్కడి ధనికుల నుంచి జకాత్ తీసుకొని అక్కడి పేదలకే ఇవ్వాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కారణం లేకుండా ఒక ఊరి జకాత్‌ను మరొక ఊరికి తరలించటం మక్రూహ్ అని హనఫీ ఫకీహ్‌లు అన్నారు. పేద బంధువులు గానీ, ఎక్కువ అవసరంలో ఉన్నవారు గానీ అక్కడ ఉంటే ఆ అభ్యంతరం లేదనీ వారే చెప్పారు. కాబట్టి శివారుకు వెళ్లినవారు పాత మొహల్లాను మరచిపోవటానికి దూరం సాకు కాజాలదు. దుప్పటి, మందులు, గది అద్దె సొమ్ము అర్హుని చేతికే ఇస్తే జకాత్ చెల్లుతుంది. కట్టడాలకు మాత్రం జకాత్ సొమ్ము పనికిరాదు, వాటికి సదఖా, వక్ఫ్ మార్గాలున్నాయి. ఖాళీ ఇంటిలో ఒక గదినైనా రోగుల బంధువుల బసకు విడిచిపెట్టటం ఎంతటి సదఖా!

మేము వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మా కుమారునితో మాత్రం ఒక మాట ఖాయం చేసుకున్నాము. వెళ్లినా ఈ ఇంటి కింది గది గోదాము కాదు, వారం వారం మాలో ఒకరు వచ్చి ఆ షట్టర్ల ముందున్నవారి యోగక్షేమాలు అడుగుతారు. నీడ దొరికినవారికి నీడ లేనివారిని మరువని హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.