సీసా మీది పేరు కాలేయానికి తెలియదు



ఇన్నాళ్లూ మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పుల గురించి మీతో ముచ్చటించాను. ఈసారి మా ఇంటి సంగతి ఒకటి చెప్పదలచుకున్నాను. ఇందులో ప్రస్తావించే వ్యక్తి అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

మా అక్క కొడుకు ఇరవై ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, మనసు మాత్రం గ్యారేజీలో. అక్కడ వాడు బీరు కాస్తాడు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్ల బీరు సొంత వాడకానికి తయారు చేసుకోవచ్చు; అమ్మకూడదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ కుండలు పొయ్యి మీదికి ఎక్కించవద్దని ముందే మనవి చేస్తున్నాను.

నేను డాలస్ వెళ్లినప్పుడు ఒక శనివారం సాయంత్రం వాడి మిత్రబృందాన్ని చూశాను. భీమవరం వాడొకడు, గుంటూరు వాడొకడు, ఇద్దరు అమెరికన్లు. అందరి ధ్యాసా బెల్జియం బీర్ల మీదే. ఆ దేశంలో వెస్ట్‌వ్లెటెరెన్ అనే ఊళ్లో సెయింట్ సిక్స్‌టస్ అనే మఠం ఉంది. అక్కడి సన్యాసులు మఠం గడవడానికి ఎంత కావాలో అంతే బీరు కాచి అమ్ముతారు. గిరాకీ పెరిగినా కాపు పెంచరు. అందువల్ల దానికోసం ప్రపంచమంతా వెతుకులాట. ఎవరో తెచ్చిన ఒక్క సీసాను నలుగురూ చిన్న గ్లాసుల్లో పోసుకుని, దీపానికి ఎత్తి రంగు చూసి, వాసన పీల్చి, గుక్కెడు నోట్లో ఉంచుకుని కాగితం మీద మార్కులు వేశారు. మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఎం.బి.బి.ఎస్. ప్రాక్టికల్ పరీక్షల్లో కూడా నేను అంత శ్రద్ధ చూడలేదు.

ఆ తర్వాత అచ్చం అలాంటి బీరును తామే తయారు చేయాలని పంతం. వెస్ట్‌వ్లెటెరెన్ సన్యాసులు వాడే ఈస్ట్ వెస్ట్‌మాల్ అనే మరో మఠం నుంచి వస్తుందని వాళ్లకు తెలుసు. కనుక వెస్ట్‌మాల్ సీసా అడుగున మిగిలిన మడ్డిని మొలకెత్తిన బార్లీ కషాయంలో వేసి, ఆ ఈస్ట్‌ను తిరిగి మేల్కొలుపుతారు. ముదురు రంగుకు, ఎండు ద్రాక్ష లాంటి రుచికి బెల్జియం వాళ్లు బీటుదుంప చక్కెరను పాకం పట్టి వేస్తారు. మావాడు ఒకసారి దాని బదులు ఇండియన్ షాపులో కొన్న అనకాపల్లి బెల్లంతో ముదురుపాకం పట్టాడట. "మావయ్యా, బీరు బాగానే వచ్చింది గాని, తాగినవాళ్లందరూ అరిసెల వాసన వస్తోందన్నారు" అని నవ్వాడు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకూ ముచ్చటగానే అనిపించింది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చదివిన రోజులు గుర్తొచ్చాయి. అంతకు ముందుది, మా అమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది.

గోదావరి జిల్లాల పెద్దవాళ్లకు తరవాణి గురించి చెప్పనక్కరలేదు. వంటింటి మూల కుండలో బియ్యపు కడుగు, గంజి, గుప్పెడు అన్నం. రోజూ కొంత తీసి, కొంత పోసి, నిమ్మాకో దబ్బాకో వేసి పులవనిచ్చేవారు. పొద్దున్నే తరవాణి అన్నం, అందులోకి మాగాయ. మా చిన్నప్పుడు ఒకసారి ఆ కుండ పగిలింది. అమ్మ పక్కింటి వాళ్ల కుండలోంచి ఒక గ్లాసెడు తెచ్చి కొత్త కుండ మొదలుపెట్టింది. "మన రుచి రాలేదు" అని నెల రోజులు బాధపడింది. డాలస్ గ్యారేజీలో వీళ్లు చేస్తున్నదీ అదే పని. తేడా ఒక్కటే: తరవాణిలో పని చేసేది ప్రధానంగా లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసే బాక్టీరియా. బీరులో పని చేసేది చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్ట్. ఆ ఒక్క తేడా గురించే ఈ వ్యాసం.

గత ఏడాది ఉగాదికి మావాడు రాజమండ్రి వచ్చాడు. తాటికల్లు రుచి చూసి నోటు పుస్తకంలో రాసుకోవాలన్నాడు. తెల్లవారుజామున కోరుకొండ వైపు ఒక తాటితోపుకు తీసుకువెళ్లాను. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి లొట్టి దించాడు. మావాడు కళ్లు మూసుకుని వాసన చూసి, ఇది బ్రసెల్స్ దగ్గర సెన్ లోయలో కాచే లాంబిక్ బీరుకు దాయాది అన్నాడు. ఆ మాటలో శాస్త్రం ఉంది. లాంబిక్ బీరుకు ఎవరూ ఈస్ట్ కలపరు. వేడి కషాయాన్ని వెడల్పాటి తొట్టెలో రాత్రంతా ఆరబెడితే గాలిలోని, ఆ భవనంలోని సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. చెడు సూక్ష్మజీవుల బెడద తక్కువగా ఉండే చలికాలంలోనే దాన్ని కాచి, పీపాల్లో ఏడాది మొదలు మూడేళ్ల వరకు ఉంచుతారు. మన కల్లుకూ ఎవరూ ఈస్ట్ కలపరు. లొట్టిలో నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ ఉండనే ఉంటుంది. బెల్జియం చలిలో ఏళ్లు పట్టే పని మన ఎండలో ఒక్క రోజులో ముగుస్తుంది. తెల్లవారి తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మర్నాటికి పుల్లటి వెనిగరు. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది. తాటిబెల్లానికి రసం దించేది అలాగే.

తిరిగి వస్తూ దారిలో వాడిని మామూలుగానే అడిగాను: "ఒరేయ్, మార్కులు వేసే రోజు సరే. మిగతా రోజుల మాటేమిటి?"

"రోజుకు రెండు సీసాలే మావయ్యా. వారానికి ఐదు రోజులు. బీరే కదా! విస్కీ ముట్టుకోను. అందులోనూ ఇది మంచి సరుకు."

పాఠకులారా, ఆ చివరి మాట దగ్గర నేను కారు పక్కకు ఆపవలసి వచ్చింది. ఆ మాట ముప్పై ఏళ్ల కిందట వీడి తండ్రి నోట విన్నాను.

మా బావగారు కోనసీమలో కొబ్బరితోటల ఆసామి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నన్ను చదివించినవారిలో ఒకరు. ఆయన కల్లుపాకకు వెళ్లి ఎరగరు. నాటుసారా పేరెత్తితే అసహ్యించుకునేవారు. "నేను తాగేది మిలటరీ సరుకు, స్వచ్ఛమైనది" అని గర్వంగా చెప్పేవారు. నేను ప్రభుత్వాసుపత్రిలో నవసారం, నల్లబెల్లం ఊటతో కాచిన సారా తాగి వచ్చినవారికి వైద్యం చేస్తూ, వారికి బుద్ధులు చెబుతూ ఉండేవాడిని. అదే నోటితో మా బావగారిని రోజుకు ఎంత తాగుతున్నారని ఒక్కసారీ అడగలేదు. పెద్దవారు, అక్క మొగుడు, నాకు ఫీజు కట్టినవారు. అడగడం మర్యాద కాదనుకున్నాను.

1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం ఫలితమది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. బావగారు ఇక మానేస్తారని అక్క మొక్కుకుంది. కాని కాకినాడ పక్కనే యానాం ఉంది. అది పుదుచ్చేరి ప్రాంతం కనుక నిషేధం వర్తించదు. సీసాలు అక్కడి నుంచి వచ్చేవి. 1996లో పొట్ట నీరు పట్టి, కాళ్లు వాచి, చివరికి ఒక రాత్రి రక్తం కక్కుకుని కాకినాడ పెద్దాసుపత్రిలో పోయారు. లివర్ సిర్రోసిస్. అప్పటికి వీడికి పదహారేళ్లు. ఆయన తాగిన సరుకులో కల్తీ ఏమీ లేదు. కల్తీ లేని ఆల్కహాలే ఆయన కాలేయాన్ని పాడు చేసింది.

ఇంటికి వచ్చాక మావాడి నోటు పుస్తకంలోనే లెక్క వేసి చూపించాను. మీరూ వేసుకోవచ్చు. సీసా ఎన్ని మిల్లీలీటర్లో, దాన్ని ఆల్కహాలు శాతంతో గుణించి, నూరుతో భాగించి, మళ్లీ 0.8తో గుణిస్తే ఎన్ని గ్రాముల ఆల్కహాలో వస్తుంది. వెస్ట్‌వ్లెటెరెన్ 12 అనే బీరులో ఆల్కహాలు 10.2 శాతం. 330 మిల్లీలీటర్ల ఒక్క సీసాలో సుమారు 27 గ్రాములు. 60 మిల్లీలీటర్ల విస్కీ పెద్ద పెగ్గులో, 42.8 శాతం లెక్కన, సుమారు 20 గ్రాములు. 5 శాతానికి పులిసిన కల్లు అరలీటరులోనూ 20 గ్రాములే. అంటే మావాడి "రెండు సీసాలే" అన్నది రెండున్నర పెద్ద పెగ్గులకు పైమాట. వారానికి సుమారు 270 గ్రాములు. బ్రిటన్ వైద్యులు వారానికి 112 గ్రాములు మించవద్దంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మరో అడుగు వేసి, ఆరోగ్యానికి హాని లేని మద్యం పరిమాణమంటూ ఏదీ లేదని ప్రకటించింది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది.

సన్యాసులు కాచినదైనా, మిలటరీ వారిదైనా, తాటిచెట్టు ఇచ్చినదైనా సీసా మీది పేరు నాలుకకు మాత్రమే తెలుస్తుంది. కాలేయానికి తెలిసేది గ్రాములే.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఇంట్లో కాచినది కాబట్టి విషమవుతుందని చాలామంది అనుకుంటారు. బీరు పులిసినంత మాత్రాన ప్రమాదకర స్థాయిలో మిథనాలు పుట్టదు. కంటిచూపు పోగొట్టి ప్రాణం తీసే మిథనాలు చాలావరకు పారిశ్రామిక స్పిరిట్ కలిపిన కల్తీసారాలో ఉంటుంది. తాగిన మర్నాడు చూపు మసకబారి, కడుపునొప్పి, ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి. అయితే కల్తీ లేదన్న ధీమాతో రోజూ తాగేవాడికి ముంచుకొచ్చే ముప్పు వేరు. అది నెమ్మదిగా, నొప్పి లేకుండా వస్తుంది.

మర్నాడు రాజమండ్రిలోనే పరీక్షలు చేయించాం. అల్ట్రాసౌండ్‌లో కాలేయానికి కొవ్వు పట్టింది. జి.జి.టి. సాధారణ పరిమితికి రెట్టింపు. వాడు చాలాసేపు ఆ కాగితం వంక చూసి, "నాన్నకూ ఇలాగే మొదలైందా మావయ్యా?" అన్నాడు. మీ నాన్నకు ఈ పరీక్ష నేను చేయించలేదురా అని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది.

అదృష్టవశాత్తు ఈ దశ నుంచి వెనక్కి రావచ్చు. మద్యం పూర్తిగా మానితే కాలేయంలో చేరిన కొవ్వు కొద్ది వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. సిర్రోసిస్‌లో ఏర్పడిన మచ్చలు అంత సులువుగా పోవు. మావాడు మూడు నెలలు మానేశాడు. జి.జి.టి. సాధారణ స్థాయికి వచ్చింది. బీరు కాచడం పూర్తిగా మానమని చెప్పాను. ఆ మాట వినలేదు. కాని ఒక విషయం వాడే కనిపెట్టి చెప్పాడు. బెల్జియంలో కొన్ని మఠాల సన్యాసులు లోకానికి ప్రధానంగా అమ్మేది ఘాటైన బీరు. తాము భోజనంతో పుచ్చుకునేది పలచనిది, 5 శాతం లోపుది. ఇప్పుడు దాన్ని అనుకరించే పనిలో ఉన్నాడు. అందులోనూ సీసాకు 13 గ్రాములు ఉంటాయని గుర్తు చేశాను. వాడి పుస్తకంలో మార్కుల పక్కన ఇప్పుడు గ్రాముల గడి ఒకటి చేరింది. నెలకోసారి ఆ గడి ఫొటో తీసి నాకు పంపుతాడు. కొన్ని నెలలు బాగుంటాయి, కొన్ని బాగుండవు.

మీ ఇంట్లో ఎవరి గురించైనా అనుమానం ఉంటే వైద్యులు వాడే నాలుగు ప్రశ్నలు ఇవి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి మాట్లాడితే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున్నే లేవగానే తాగవలసి వచ్చిందా? రెండింటికి అవునని జవాబు వస్తే వైద్యుణ్ణి కలవాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా మానకూడదు. వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో బి1 విటమిను, తగిన మందులు ఇచ్చి మాన్పిస్తారు. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఈ నాలుగు ప్రశ్నలూ నాకు 1996కు ముందే తెలుసు. ఆసుపత్రిలో అపరిచితులను ఎందరినో అడిగాను. అన్నం పెట్టిన మనిషిని అడగలేకపోయాను. బావగారికి కోపం వచ్చి ఉండేదేమో, నాలుగు రోజులు మాట్లాడకపోయేవారేమో. అంతకంటే ఏమయ్యేది?

మీ ఇంట్లో అడగవలసినవారు ఉంటే ఈ రోజే అడగండి. గౌరవంగానే అడగవచ్చు.