దీవికో నీరటికాడు

సముద్రం అడుగున పరచిన కేబుల్‌తో అండమాన్ రాజధానికి ఇంటర్నెట్ కరవు తీరింది. నీళ్లు, డీజిల్, చెత్త సంగతేమిటన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

ఓడ హడ్డో రేవును సమీపిస్తుండగానే డెక్ మీద ఉన్నవాళ్లంతా ఒకటే పనిలో పడతారు: ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం వెతకడం. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాలలో ఎక్కడి నుంచి బయల్దేరినా దాదాపు మూడు రోజుల ప్రయాణం. మెట్లు దిగుతున్న గుంపులో బెంగాలీ, తమిళం, హిందీతో పాటు శ్రీకాకుళం యాస కూడా చెవినపడుతుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.80 లక్షలు. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారే. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చిన జాలరి కుటుంబాలూ ఉన్నాయి.

2024 సెప్టెంబర్‌లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. నాలుక మీద మాత్రం పోర్ట్ బ్లెయిరే ఆడుతోంది. ఎక్కే వీధులు, దిగే వీధులు, ఏ మలుపు తిరిగినా ఎక్కడో ఒకచోట సముద్రం. ఆబర్డీన్ బజార్‌లో గడియార స్తంభం దగ్గర నిలబడి చూస్తే మధ్యతరహా ఆంధ్ర పట్టణంలో ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే ఒక్క తేడా. ఇక్కడి దుకాణంలోని ఉల్లిపాయ, పక్క వీధిలో కడుతున్న మేడకు సిమెంటు, ఆ మేడలో రేపు వెలిగే దీపం వెనక ఉండే డీజిల్... అన్నీ వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చినవే. ప్లాస్టిక్ సీసాదీ అదే కథ. దాన్ని పూర్తిగా వదిలించుకోవాలంటే వచ్చిన దారినే తిప్పి పంపాలి. లేదంటే అది దీవిలోనే ఏదో ఒక మూల గుట్టగా పడి ఉంటుంది.

ఇలాంటి చోట నగరం నడపడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే పడవలో కొన్ని నిమిషాలు ప్రయాణిస్తే చాలు. నగరం ఎదుటే ఉన్న రాస్ దీవి (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) ఒకప్పుడు బ్రిటిష్‌వారి పాలనా కేంద్రం. చర్చి, రొట్టెల బట్టీ, నృత్యశాల, చీఫ్ కమిషనర్ బంగళా, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం... అన్నీ ఉండేవి. 1941 జూన్‌లో భూకంపం కుదిపేసింది. మరుసటి ఏడాది మార్చిలో జపాన్ సేనలు దిగాయి. ఇప్పుడు ఆ గోడలను మర్రి వేళ్లు కౌగిలించుకున్నాయి. శిథిలాల మధ్య జింకలు తిరుగుతున్నాయి. తాగే నీటిని కూడా యంత్రంతో తయారుచేసుకున్న ఆ చిన్న దీవి, ఓడలు తెచ్చే సరుకుల మీదే దర్జాగా బతికింది. ఆ వైభవం ఎంత సన్నని దారానికి వేలాడిందో ఆ గోడలే చెబుతాయి.

నేటి నగరానికి మరో దారం దొరికింది. 2018 డిసెంబర్ 30న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీపం), లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లకు అది విస్తరించింది. అంతకు ముందు ఈ దీవులకు ఉపగ్రహమే దిక్కు. ఆ ఇరుకు దారిలో పరీక్ష ఫలితాల పేజీ తెరుచుకోవడమే గగనంగా ఉండేది.

కేబుల్ చేసిన మేలును వేగంతోనే కొలిస్తే సగమే కొలిచినట్టు. దీవుల్లో ఒక దరఖాస్తు, ఒక వైద్య సలహా, ఒక బ్యాంకు పని తీగ మీద వెళ్తే ఒక మనిషి ఓడ ఎక్కాల్సిన పని తప్పుతుంది. ఆ మేరకు ఇంధనం, డబ్బు, రోజులు మిగులుతాయి. మహానగరంలో డిజిటల్ సేవ అంటే సౌకర్యం. ఇక్కడ అది నేరుగా పొదుపు. కానీ తీగ గుండా రానివీ కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది నీరు.

వింతేమిటంటే ఇక్కడ వానకు కొదవ లేదు. ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. కోస్తా ఆంధ్రకు దాదాపు మూడింతలు. కానీ దీవి సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. పడిన నీరు నిలవకుండా గంటల్లో కడలి చేరుతుంది. చెప్పుకోదగ్గ నదులు లేవు. నగరానికి ప్రధాన ఆధారం 1970లలో పూర్తయిన ధనిఖారి జలాశయం. జనవరి నుంచి వానలు మొదలయ్యే దాకా దాని మట్టం దిగుతూ ఉంటుంది, కుళాయి వచ్చే రోజుల మధ్య ఎడం పెరుగుతూ ఉంటుంది. అందుకే మేడల మీద నల్లని ట్యాంకులు, పెరట్లో నీలి డ్రమ్ములు ఇక్కడ ఇంటి సామానులో భాగం.

2016 మేలో కేంద్రం స్మార్ట్ సిటీల జాబితాను పొడిగించినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌తో పాటు అందులో చేరిన మరో నగరం వరంగల్. ఈ జోడీ యాదృచ్ఛికమే అయినా అర్థవంతం. కాకతీయుల చెరువుల నాటి నుంచి ఓరుగల్లు సీమకు నీటి లెక్క తెలుసు. తెలంగాణ పల్లెల్లో నీరటికాడు అనే మనిషి ఉండేవాడు. చెరువులో ఎంత నీరుందో, ఏ మడికి ఎంత పారిందో, గండి ఎక్కడ పడబోతోందో అతని కంటికి తెలుసు. మట్టం చెప్పే సెన్సర్, గొట్టంలో ప్రవాహాన్ని కొలిచే మీటరు, ఆ అంకెలన్నిటినీ ఒక తెర మీద చూపే కంప్యూటర్ చేసే పనీ అదే. ఊరంతా నిద్రపోయే అర్ధరాత్రి రెండు గంటలకు ఒక పేట గొట్టంలో నీరు పరుగులు తీస్తోందంటే తాగేవాళ్లెవరూ లేనట్టే, ఎక్కడో కారిపోతున్నట్టే. మూడు నెలలు వాన లేని చోట ఆ కారే నీటిని పట్టుకోవడమంటే కొత్త జలాశయం కట్టకుండానే కొంత నీరు సంపాదించడం.

కరెంటు విషయంలో ఈ లెక్క ఇప్పటికే మొదలైంది. దీవుల విద్యుత్తులో అత్యధిక భాగం డీజిల్ జనరేటర్లదే. దేశ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 5.25 మెగావాట్లే. లిగ్నైట్ తవ్వకాలకు పేరుపడ్డ ఎన్ఎల్‌సీ పోర్ట్ బ్లెయిర్ వద్ద 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. 2020 నాటికి పూర్తయిన ఆ కేంద్రం ప్రత్యేకత పలకల్లో కాదు, పక్కనున్న బ్యాటరీలో ఉంది. దాని సామర్థ్యం 8 మెగావాట్ అవర్లు. చిన్న గ్రిడ్‌లో ఒక్క మబ్బు తునక అడ్డొస్తే చాలు, ఉత్పత్తి క్షణాల్లో పడిపోతుంది. డీజిల్ యంత్రం అంత తొందరగా అందుకోలేదు. ఆ సందును కంప్యూటర్ ఆదేశాలతో బ్యాటరీ పూడుస్తుంది. ఆ తెలివి లేకపోతే సూర్యుడు పుష్కలంగా ఉన్నా అతణ్ని నమ్ముకోలేని పరిస్థితి.

సముద్రం మీదికి వెళ్లే జాలరికి ఈ తెలివి హైదరాబాద్ నుంచి వస్తోంది. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాలు పంపే నీటి ఉష్ణోగ్రత, నాచు రంగుల వివరాలను బట్టి చేపలు ఎక్కువగా దొరికే ప్రాంతాలను గుర్తించి, తెలుగు సహా తీర భాషల్లో చెబుతుంది. వెతుకులాట తగ్గితే పడవలో డీజిల్ మిగులుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007 అక్టోబర్‌లో ఆ సంస్థలోనే సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. ఆనాడు ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే చెన్నైకి అలలు చేరడానికి రెండు గంటలు పట్టింది. నికోబార్‌కు దక్కినవి నిమిషాలే. హైదరాబాద్‌లో తేలిన మాట ఆ నిమిషాల్లోనే క్యాంప్‌బెల్ బే దాకా చేరాలి. కేబుల్ అసలు విలువ అక్కడ తెలుస్తుంది. దాని బలహీనతా అక్కడే ఉంది. 2022 జనవరిలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి పసిఫిక్‌లోని టోంగా దీవుల ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగిపోయింది. అతుకు పడటానికి ఐదు వారాలు పట్టింది. భూకంపాల రేఖ మీదున్న అండమాన్‌కు ఆ పాఠం పరాయిది కాదు. కొత్త తీగ వచ్చిందని పాత ఉపగ్రహాన్ని వదులుకోలేదు.

ఇంతకూ కేబుల్ వల్ల భారం తగ్గుతుందా, పెరుగుతుందా? 2023 జూలైలో ఇక్కడ ప్రారంభమైన కొత్త విమానాశ్రయ టెర్మినల్ ఏటా 50 లక్షల ప్రయాణికులకు సరిపోతుంది. దీవుల మొత్తం జనాభాకు అది పదమూడింతలు. నెట్ సరిగ్గా లేదనే కారణంతో వెనకాడిన పర్యాటకుడికి ఇప్పుడు ఆ అభ్యంతరం లేదు. హేవ్‌లాక్ ఇసుకలో కూర్చుని ఆఫీసు పని చేసుకోవచ్చు. అతనికి గది కావాలి, ఏసీ కావాలి, రెండు పూటలా స్నానం కావాలి. డిజిటల్ సదుపాయం ఒక చేత్తో పొదుపు చేసి, రెండో చేత్తో అతిథులను పిలుస్తోంది. ధనిఖారి మాత్రం ఒక్కటే.

సరిగ్గా ఇక్కడే నీరటికాడికీ సెన్సర్‌కూ తేడా. అతనికి లెక్కే కాదు, తూము మీద అధికారం కూడా ఉండేది. మట్టం పడిపోతే ఎంత పెద్ద ఆసామి పొలానికైనా నీరు ఆపగలిగేవాడు. ఊరు అతని మాటకు కట్టుబడేది. తెర మీద ఎర్రదీపం వెలిగినప్పుడు ఏ హోటల్ ట్యాంకు ముందు ఆగాలో, ఏ బస్తీ కుళాయి చివరి దాకా పారాలో యంత్రం చెప్పదు. అది మనుషులు ముందుగా తేల్చుకోవాల్సిన మాట. స్మార్ట్ సిటీ పథకం గడువు 2025 మార్చితో ముగిసింది. ఆ తేల్చుకోవడానికి మాత్రం గడువు లేదు.

నగరం నుంచి దక్షిణంగా కాస్త దూరం వెళ్తే సిప్పిఘాట్ వస్తుంది. 2004 భూకంపంలో ఇక్కడ నేల కుంగింది. సముద్రం లోపలికి వచ్చి వెనక్కి పోలేదు. ఒకప్పటి పొలాలు ఇప్పుడు ఉప్పునీటి మడుగులు. ఆటుపోట్లకు ఆ నీరు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దాని మట్టం ఎంతో కొలవడం ఈనాడు చిటికెలో పని. రోడ్డుకు ఆవలి పక్క ఇళ్ల మేడల మీద నల్లని ట్యాంకులు వరసగా ఉన్నాయి. వాటిలో ఎంత మిగిలిందో ఇంటావిడ వేలితో కొట్టి, ఆ చప్పుడును బట్టి చెప్పేస్తుంది. ఆపై ఆ పూట ఏ పని మానుకోవాలో కూడా ఆమే నిర్ణయిస్తుంది.