తబలా లేని పది రాగాలు

2010లో ఆ రికార్డు యూరప్‌లో మళ్ళీ విడుదలైనప్పుడు కొందరు అది బూటకమనుకున్నారు. ఎవరో పాశ్చాత్య సంగీతకారుడు తన గదిలో కూర్చుని తయారుచేసి, పాత భారతీయ రికార్డులా అట్ట వేసి జనం మీదికి వదిలాడన్న అనుమానం పాకింది. అనుమానించడంలో తప్పేమీ లేదు. రికార్డు 1982 నాటిదంటున్నారు. లోపల వినబడుతున్నదేమో 1980ల చివర్లో షికాగో, లండన్ క్లబ్బుల్ని ఊపేసిన ఆసిడ్ హౌస్ సంగీతంలా ఉంది. గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా పడే దరువు, దాని కింద పాములా మెలికలు తిరిగే బేస్ స్వరం. పైన మాత్రం భైరవ్, లలిత్, మాల్కౌస్!

రికార్డు నిజమైనదే. 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' పేరుతో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా దాన్ని 1982లో విడుదల చేసింది. వాయించింది బొంబాయి సినిమా స్టూడియోల్లో పనిచేసే చరణ్‌జీత్ సింగ్. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2002లో, ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్త ఢిల్లీలోని ఓ దుకాణంలో దాన్ని చూసి కొన్నాడు. ఆ తర్వాత మనిషిని వెతుక్కుంటూ ముంబై చేరాడు. ఈ కథలో పత్రికలకు నచ్చిన భాగం ఇదే. అసలు విశేషం మాత్రం అంతకు ముందే, ఓ నలభై దాటిన వాద్యకారుడు మూడు యంత్రాల ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడే జరిగిపోయింది.

చరణ్‌జీత్ సింగ్ వృత్తి ఏమిటో తెలియకపోతే ఆ ఒంటరితనం విలువ అర్థం కాదు. ఆయన గిటార్, బేస్ గిటార్, కీబోర్డు వాయించేవారు. 1971 నాటి 'దమ్ మారో దమ్' పాటలో వినిపించే ట్రాన్సికార్డ్, అంటే అకార్డియన్‌ను పోలిన విద్యుత్ వాద్యం, ఆయనదే. ఆ పాట తెలియని వాళ్ళు దేశంలో తక్కువ. ఆ వేళ్ళు ఎవరివో తెలిసిన వాళ్ళు మరీ తక్కువ. సినిమా వాద్యకారుడి బతుకే అంత. పిలిస్తే వెళ్ళాలి, రాసిచ్చింది వాయించాలి, పూటకింతని డబ్బు తీసుకుని ఇంటికి రావాలి. రికార్డు మీద సంగీత దర్శకుడి పేరుంటుంది, గాయకుడి పేరుంటుంది. పాట యాభై ఏళ్ళు మోగినా వాద్యకారుడికి మరో పైసా రాదు. 1994లో సవరించే దాకా మన కాపీరైట్ చట్టంలో కళాకారుడి ప్రదర్శనకు హక్కు అన్న మాటే లేదు. సినిమా పని లేనప్పుడు పెళ్ళిళ్ళు, పార్టీలు. సినిమా పాటల్ని మాటలు లేకుండా వాద్యాలపై వాయించే రికార్డులూ ఆయన చేశారు. అక్కడ కూడా బాణీ మరొకరిదే.

అలాంటి మనిషి చేతికి సింగపూర్‌లో కొన్న జపాన్ యంత్రాలు వచ్చాయి. మూడూ రోలాండ్ కంపెనీవే. టీఆర్-808 దరువు వేసే పెట్టె. అందులో నిజమైన డ్రమ్ము శబ్దమేదీ రికార్డయి ఉండదు, ప్రతి దెబ్బా విద్యుత్ వలయాల్లోంచి పుడుతుంది. టీబీ-303 బేస్ పెట్టె. ఇంట్లో ఒంటరిగా గిటార్ సాధన చేసుకునే వాళ్ళకు తోడుగా ఉంటుందని తయారుచేశారు. ఆ పని మాత్రం అది సరిగ్గా చేయలేదు. అసలైన బేస్ గిటార్‌లా వినిపించక అమ్మకాలు పడిపోతే 1984లో ఉత్పత్తి ఆపేశారు. మూడోది జూపిటర్-8. ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికే కీబోర్డు.

యంత్రాలు కొనడం వేరు, వాటి చేత కలిసి వాయించడం వేరు. వేర్వేరు ఎలక్ట్రానిక్ వాద్యాలు పరస్పరం మాట్లాడుకోవడానికి పనికొచ్చే 'మిడి' అనే ఉమ్మడి భాష 1983లో గానీ రాలేదు. అంతకు ముందు రోలాండ్ యంత్రాల్ని కలిపేది ఓ తీగ. అందులోంచి వెళ్ళే విద్యుత్ స్పందనలు రెండో యంత్రానికి కాలప్రమాణం చెబుతాయి, అంతే. ఏ స్వరం పలకాలో చెప్పవు. 303లో స్వరాలు ఒకసారి, వాటి కాలం మరోసారి విడివిడిగా ఎక్కించాలి. ఆ పద్ధతి ఎంత చిరాకు పుట్టించేదంటే, చాలామంది తలచిన బాణీ ఒకటైతే యంత్రం పలికే బాణీ మరొకటయ్యేది. చరణ్‌జీత్ సింగ్ ఇంట్లో కూర్చుని ఈ తిప్పలన్నీ పడ్డారు. దరువు 808కి, బేస్ 303కి అప్పగించేశాక ఆయనకు రెండు చేతులూ ఖాళీ. జీవితమంతా ఇతరుల పాటల కింద బేస్ వాయించిన వ్యక్తి ఆ పనిని పెట్టెకు వదిలేసి, పైన తనకిష్టమైన రాగం వాయించుకోవడం మొదలుపెట్టారు.

సినిమాల నిండా డిస్కో మోగుతున్న రోజులవి. డిస్కో దరువు ఉంచి, తబలా తీసేసి, రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందన్నదే తన ఆలోచన అని ఆయన తర్వాత చెప్పారు. వినడానికి ఎంత తేలికగా ఉందో చేయడానికి అంత కష్టం. ఎంచుకున్న పదింటిలో కొన్ని తెలుగు చెవికి బాగా పరిచయమే. భూపాలి మన మోహన, మాల్కౌస్ మన హిందోళం, కళావతి మన వలజి, బైరాగి మన రేవతి, యమన్ కల్యాణికి దగ్గరి చుట్టం. వీటిలో చాలా వాటికి ఐదు స్వరాలే. ఆ ఐదింటిని పియానో మెట్ల మీద నొక్కితే మోహన కాదు, మోహన ఆరోహణ అవరోహణలు మాత్రమే వస్తాయి. రాగం ఉండేది మెట్ల మధ్య. హార్మోనియం స్వరాల మధ్య జారలేదన్న ఫిర్యాదుతోనే కదా ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దాన్ని గడప తొక్కనివ్వలేదు! (అన్నేళ్ళూ బయట నాటకాలు, భజనలు ఆ పెట్టెతోనే నడిచాయన్నది వేరే సంగతి.)

ఇక్కడే కొత్త యంత్రాలు అక్కరకొచ్చాయి. జూపిటర్‌లో స్వరాన్ని వంచే మీట ఉంది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జార్చే ఏర్పాటు ఉంది. 303లోనూ అలాంటి జారుడు ఉంది. హిందుస్తానీలో మీండ్ అనేది, మనవాళ్ళు జారు అనేది, నాసిగా, లోహపు గొంతుతోనైనా ఆ యంత్రం నుంచి వస్తుంది. రాగాల వెనక తంబుర ఒకే షడ్జమం పట్టుకుని ఉన్నట్టు ఇక్కడ బేస్ కొన్ని స్వరాల చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. పాశ్చాత్య పాటలో లాగా అడుగున స్వరసమూహాలు మారవు. మారేది పైన నడిచే ఆలోచన మాత్రమే.

పోయిందేమిటో కూడా చెప్పుకోవాలి. యంత్రం దరువు మొదటి క్షణం నుంచి పరుగెడుతుంటే ఆలాపనకు చోటెక్కడ? మేఘ్ మల్హార్ నెమ్మదిగా మబ్బు పట్టి కురవాల్సిన రాగం. అయిదు నిమిషాల డిస్కోలో అది మొదలవడమే కుండపోత. తోడి లోతు, లలిత్‌లోని తెల్లవారుజాము నిశ్శబ్దం ఈ రికార్డులో వెతికితే దొరకవు. శాస్త్రీయ సంగీతం తెలిసిన వాళ్ళు పెదవి విరిస్తే అది చాదస్తం కాదు. అయినా వినగా వినగా మరోటి పట్టుకుంటుంది. మారని దరువు మీద మారుతూ పోయే మనోధర్మం. తబలా కళాకారుడైతే గాయకుణ్ణి గమనిస్తాడు, సై అంటాడు, అడ్డం తిరుగుతాడు. 808 ఏమీ అనదు. ఆ స్పందన లేని తోడు పక్కన ఒక మనిషి తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

మరి ఎందుకు మునిగింది? ఆ రోజుల్లో ఈ దేశంలో డిస్కో అంటే గొంతు, తెర, తార. 1980లో 'ఖుర్బానీ'తో నాజియా హసన్ గొంతు ఊరూరా తిరిగింది. 1982 చివర్లో వచ్చిన 'డిస్కో డాన్సర్'ను మిథున్ చక్రవర్తి నడుము, బప్పీ లహిరి బాణీలు మోశాయి. పాట లేని, బొమ్మ లేని డిస్కోను ఎక్కడ వినాలి? శాస్త్రీయ సంగీత సభలు రానివ్వవు. సినిమావాళ్ళకు అక్కర్లేదు. రాత్రంతా వాద్య సంగీతానికి నాట్యమాడే చోటు అంటూ దాదాపు లేదు.

షికాగోలో ఉంది. అక్కడ ఫ్యూచర్ అనే బృందంలోని కుర్రాళ్ళు ఎవరికీ అక్కర్లేని పాత 303 ఒకటి సంపాదించి, పలకాల్సిన తీరు తెలియక మీటలన్నీ తిప్పుతూ పోయారు. ఆ కూతల్లోంచి 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' వచ్చింది. దాన్ని మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో డీజే రాన్ హార్డీ మొదటిసారి వేసినప్పుడు జనానికి ఎక్కలేదంటారు. ఆయన అదే రాత్రి మళ్ళీ వేశాడు, మళ్ళీ వేశాడు. నాలుగోసారికి గది ఊగిపోయిందట. ఆ కుర్రాళ్ళకు ఒక గది, ఆ గదిలో ఒక మొండివాడు ఉన్నారు. బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ రికార్డును రెండోసారి వేసేవాడెవడూ లేడు.

అందుకే ఆసిడ్ హౌస్‌ను కనిపెట్టింది భారతీయుడేనని 2010 తర్వాత మన దగ్గర మొదలైన సంబరం కాస్త తొందరపాటు. ఆ రికార్డు షికాగో చేరిందనడానికి ఆధారం లేదు. ఆసిడ్ హౌస్ అన్న మాటే ఆయనకు అప్పట్లో తెలియదు. రెండు చోట్లా ఒకే పెట్టె పడింది. రెండు చోట్లా దాన్ని పట్టుకున్న వాళ్ళకు స్వరసమూహాలు మార్చుకుంటూ పోవడం మీద ఆసక్తి లేదు. ఒకరికి రాగం అడ్డు, మరొకరికి దరువే సర్వస్వం. పోలిక అక్కడి నుంచి వచ్చింది. ముందు పుట్టాడన్న కిరీటం పెడితే ఆయన చేసింది కనబడకుండా పోతుంది. షికాగో కుర్రాళ్ళు యంత్రాన్ని దాని దారిన వదిలేశారు. ఈయన దానికి భూపాలి నేర్పారు.

ఇందులో ఓ చేదు కూడా ఉంది. ఒక వాద్యకారుణ్ణి స్వతంత్రుణ్ణి చేసిన ఆ యంత్రాల సంతతే తర్వాతి పదిహేనేళ్ళలో ఆయన సహోద్యోగుల పొట్ట కొట్టింది. బొంబాయిలోనూ మద్రాసులోనూ పదుల సంఖ్యలో వయొలిన్లు కూర్చునే హాళ్ళు ఖాళీ అవుతూ వచ్చాయి. తెలుగు పాటల రికార్డింగులకు మద్రాసు వెళ్ళిన రోజులు గుర్తున్న వాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. ఏఆర్ రెహమాన్ 'రోజా'కు ముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవాడే. 1992 తర్వాత ఇంట్లోని స్టూడియోలో, కంప్యూటర్ ముందు, అర్ధరాత్రి పాట కట్టడమే సినీరంగంలో దారైంది. ఒక్కడే అంతా వాయించుకోగలగడం ఆ ఒక్కడికి వరం. వరసలో చివర కూర్చునే వయొలిన్ కళాకారుడికి?

ఇవాళ ఆ మూడు యంత్రాల నకళ్ళు లాప్‌టాప్‌లో ఉంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఓ కుర్రాడు రాత్రికి రాత్రి పాట కట్టి తెల్లారేసరికి ప్రపంచం ముందు పెట్టగలడు. రికార్డు కంపెనీ దయ అక్కర్లేదు. కానీ అట్ట బొమ్మ, ప్రచారం, లెక్కలు, ఈమెయిళ్ళు అన్నీ అతనివే. బాండ్‌క్యాంప్‌లో నేరుగా అమ్ముకుంటే డిజిటల్ అమ్మకంపై 15 శాతం దాకా వాళ్ళు తీసుకుంటారు. ఎక్కువమంది వినే స్పాటిఫైలోనేమో 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లైనా మోగని పాటకు రాయల్టీ ఇవ్వడం లేదు. పాట కట్టేందుకు యంత్రాలకు కొదవ లేదు. దాన్ని నాలుగోసారి వేసే మొండివాడు దొరకడమే అప్పుడూ ఇప్పుడూ గగనం. ఇంటి అద్దె మాత్రం ప్రకటనల జింగిళ్ళ నుంచో, ఎవరి సినిమాకో చేసిన పని నుంచో వస్తుంది. చరణ్‌జీత్ సింగ్‌కు పెళ్ళిళ్ళ నుంచి వచ్చినట్టు.

ఆయనకు ఆ గది డెబ్బై దాటాక దొరికింది. 2012 నుంచి యూరప్ వేదికలపై ఆ పది రాగాలు మళ్ళీ వాయించారు. ఎదురుగా ఆయన మనవల వయసు వాళ్ళు. యమన్ ఏదో, కళావతి ఏదో వాళ్ళలో ఎంతమందికి తెలుసు? బేస్ జారిన ప్రతిసారీ కేకలు మాత్రం వేశారు. మూడేళ్ళు అలా సాగింది. 2015 జులైలో, 74 ఏళ్ళ వయసులో, ముంబైలో కన్నుమూశారు. 1982 నాటి అసలు ప్రతులు ఇప్పటికీ సేకర్తల మధ్య పెద్ద ధరలకు చేతులు మారుతుంటాయి. ఆ ధరలో వాయించినవాడికి వాటా లేదు.