పింఛనును, పనియును

వికలాంగునికి నెలనెల ధనమిచ్చినచో సోమరి యగునని హిందూపురము బజారునఁ గొందఱనుట మేము వినుచున్నాము. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, నూటికి 40 పాళ్లును, అంతకు మించియు వైకల్యము గలవారి పింఛనును నెలకు 3,000 రూపాయలనుండి 6,000కుఁ బెంచినది. ఇది సోమరితనమునకు వెలయా?

ధర్మవరమున పట్టుచీరలు నేయు గుంటమగ్గమును జూతము. పాదములతోఁ ద్రొక్కనిదే పడుగు విచ్చుకొనదు. కాలు పడిపోయినవాఁడు దానిపై నేయలేఁడు. కూర్చుండి కండెలు చుట్టఁగలఁడు. ఆ కూలి యొక్కటియే చాలదు. పింఛను తోడైనఁ గుటుంబము గడచును. అయితే కూలి లెక్కకు వచ్చినచోఁ బింఛను తెగునను భయమున్న, నతఁడు కండెను ముట్టఁడు. అతనికి సోమరితనము నేర్పినది ధనము గాదు, భయము.

పని చేయుమనువారు పని చూపవలదా? పెనుకొండ చెంత 2019లోఁ గార్ల కర్మాగారము ఉత్పత్తి మొదలిడినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 పాళ్లు వారికి నిర్ణయించినది. ప్రైవేటు యజమానులకు మాత్రము ప్రోత్సాహకములు చెప్పి యూరకున్నది.

కావున మా మనవి యిది. సంపాదన పెరిగినకొలఁది పింఛను మెల్లమెల్లగాఁ దగ్గవలెను గాని యొక్కమాఱుగాఁ దెగరాదు. కొలువు పోయిననాఁడు క్రొత్త యర్జీ లేకయే మరల రావలెను. ఊఁతకఱ్ఱ యిచ్చి, నడచినందుకు దానిని లాగికొనువాఁడు నడక నేర్పినవాఁ డగునా?