బ్యూలీ సంతలో బావగారి మీటరు

పేరు ఫ్రెంచిది, అందమైన చోటు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు మాత్రం దాన్ని 'బ్యూలీ' చేసేశారు. దక్షిణ ఇంగ్లండులో న్యూఫారెస్ట్ మధ్య ఉందీ ఊరు. కొత్త అడవి అన్నమాటే గానీ, విలియం రాజు వేటకోసం దాన్ని కేటాయించుకున్నది 1079లో! దారిలో గుర్రాలు మన ఊరి ఆవుల్లాగే రోడ్డుకడ్డంగా తీరిగ్గా నిలబడతాయి. హారను కొట్టేవాళ్ళు లేరు. అందరూ ఆగాల్సిందే.

ఇక్కడ 1967 నుంచి సెప్టెంబరులో పాత కార్ల సామాన్ల సంత జరుగుతోంది. ఆటోజంబుల్ అంటారు. చర్చిల్లో పాత బట్టలూ గిన్నెలూ అమ్మే జంబుల్ సేల్ నుంచి పుట్టిన మాట. 2023లో సౌతాంప్టన్‌లో ఉంటున్న మా అక్కయ్యా, బావగారితో నేనూ వెళ్ళాను. డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం కూడా వచ్చాయి లెండి.

బావగారి కారు ఎమ్‌జీ టీసీ. 1945 నుంచి 49 దాకా పదివేలు మాత్రమే తయారైన రెండు సీట్ల బండి. రేకు కింద చట్రం కర్రదంటే నేను నమ్మలేదు, చూపించారు. పదకొండేళ్ళుగా అది గరాజులో ముక్కలుగానే ఉంది. కొట్టుకెళ్ళి బోల్టు తెచ్చుకుందామన్నా కుదరదట. ఇంజను బోల్టులకి మరలు మెట్రిక్, తలలేమో పాత ఇంగ్లీషు కొలత! కవెంట్రీలో ఫ్రెంచి కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీని మోరిస్‌వాళ్ళు కొన్నప్పుడు యంత్రాలతో పాటు ఆ కొలతలూ వచ్చిపడ్డాయట. అత్తగారి సామానుతో కాపురం పెట్టినట్టు! ఈ బోల్టుల్ని కిరసనాయిల్లో నానబెట్టడానికి అక్కయ్య పాత ఇడ్లీగిన్నె బలైపోయింది.

చాలా సామాన్లు ఇప్పుడు కొత్తవి చేసి అమ్ముతున్నారు. బావగారికి దొరకనిది స్పీడోమీటరు. జేగర్ కంపెనీది, లోపల గడియారంలా పళ్ళచక్రాలుంటాయి. ముల్లు సాఫీగా జరగదు, టిక్ టిక్‌మంటూ గెంతుతుంది. తమాషా ఏమిటంటే ఈ బండిలో స్పీడోమీటరు డ్రైవరు ముందుండదు, పక్కసీటు ముందుంటుంది. అంటే ఎంత వేగంగా పోతున్నారో ముందు తెలిసేది భార్యకే!

"అది లేకపోయినా బండి నడుస్తుందిగా," అని అక్కయ్య గోల. బావగారు వినరు. డెబ్భై నాలుగేళ్ళు, గుండె ఆపరేషన్ అయింది, ఈ మధ్య చేతివేళ్ళు వణుకుతున్నాయి. "ఈ ఏడు కాకపోతే ఇంకెప్పుడే?" అని అక్కయ్య నాతో గుసగుసగా అంది.

సంతలో తిరుగుతుంటే మా బెజవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. ఆ నూనె వాసనే, ఆ తుప్పే. వరసలు వరసలుగా బల్లలు, బల్లల మీద హారన్లు, లైట్లు, పేరు తెలియని ఇత్తడి మూతలు. చింతపండుతో తోమితే తళతళలాడతాయనిపించింది. బావగారు భూతద్దం పట్టుకుని ప్రతి డయలు మీదా చిన్న నంబరు చూడడం, పెదవి విరవడం. మధ్యాహ్నానికి నాకు కాళ్ళు పీకాయి.

చివరి వరసలో ఒక పెద్దావిడ, దుప్పటి పరిచి కూర్చుంది. పోయిన భర్త కూడబెట్టిన సామానట. ఉన్ని గుడ్డలో చుట్టిన మీటరు విప్పింది. బావగారు నంబరు రెండుసార్లు చదివారు. ఆవిడ ధర చెప్పలేదు, ముందు ఒకటే అడిగింది: "బండికి బిగిస్తారా, తిరిగి అమ్ముతారా?"

బావగారు ఫోనులో కారు ఫోటోలు చూపించారు. ఆవిడ ఒక్కోటీ నిదానంగా చూసింది. తర్వాత ధర చెప్పింది. ఆయన బేరానికి నోరు తెరవబోతే అక్కయ్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, ఇచ్చేయండి." ఎంతో ఇక్కడ రాస్తే అక్కయ్య ఊరుకోదు. ఆ గుడ్డ కూడా ఆవిడ ఇచ్చేసింది.

ఇంటికొచ్చాక మీటరు తీగని డ్రిల్లు మిషనుకి తగిలించి తిప్పారు. ముల్లు మొరాయించింది. మళ్ళీ తిప్పితే పదికి, ఇరవైకి, ముప్ఫైకి గెంతింది. అక్కయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి చూసింది.

నేను తిరిగొచ్చేనాటికి సీట్లకి తోలు కుట్టించడం మిగిలింది. ఎడమవైపు సీటు ఎత్తు కొంచెం పెంచమని అక్కయ్య కొలత ఇచ్చిందట.